అత్తగారి సంచిలో ఎర్ర సీసాలు

పొద్దున్నే సూదిలో దారం ఎక్కనంది.

అత్తగారు దారం కొసని నోట్లో తడిపింది. వేళ్ళ మధ్య నలిపింది. సూదిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ గురి చూసింది. దారం సూది పక్కనుంచి దర్జాగా వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ చేతుల్లో ఆడిన దారం ఇవాళ ముఖపరిచయం కూడా లేనట్టు ప్రవర్తిస్తోంది.

"ఈ మధ్య దారాలన్నీ కల్తీ" అని ఇంట్లో అందరికీ వినబడేలా ప్రకటించింది ఆవిడ.

తప్పు దారానిది కాదని ఆవిడకీ తెలుసు. కళ్ళ డాక్టరు ఏడాది కిందటే చెప్పాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయి, ఆపరేషన్ చేయించుకుంటే హాయిగా ఉంటారు, ఊరికే వాయిదా వేస్తూ పోతే మాత్రం కుట్టుపని మానుకోవాల్సిందే అని. డబ్బు లేదా అంటే ఉంది. బీరువాలో బట్టల అడుగున బిస్కెట్ల డబ్బాలో పదిలంగా ఉంది. కాకపోతే అది అవసరానికి దాచిన డబ్బు. కాస్త మసగ్గా కనబడుతోందని అవసరానికి దాచింది తీసేస్తే, రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఎవరి మొహం చూడాలి? ఇదీ ఆవిడ వాదన. ఈ వాదన ఇంకా ఇంట్లో ఎవరి ముందూ పెట్టలేదు. పెడితే నెగ్గదని తెలుసు గనక.

అసలు ఆ ఇంట్లో దాచనిదంటూ లేదు. కుట్టు మిషను చుట్టూ గుడ్డముక్కల మూటలు, మంచం కింద పాత చొక్కాల నుంచి కోసిన బొత్తాల సీసాలు, తలుపు వెనక జిప్పుల గుత్తులు. బీరువాలో బిస్కెట్ల డబ్బా పక్కన మంచి ఉన్ని బట్ట తాను ఒకటి ఉంది. ఎవరో పెద్ద ఖాతాదారు సంతోషపడి ఇచ్చి వెళ్ళింది. దాన్ని మంచి సందర్భం కోసం ఉంచింది అత్తగారు. ఆ తర్వాత ఇంట్లో కొడుకు పెళ్ళి కూడా జరిగింది. అయినా అంతకన్నా మంచి సందర్భం వస్తుందేమోనని ఆ బట్ట అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, నా ఎడమ బూటు మళ్ళీ మీ మూటల కింద దూరింది" అంటూ వచ్చింది కోడలు ఒంటికాలి మీద గెంతుతూ.

కోడలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని బ్రేకు, బ్రేకు అని మొత్తుకోవడం ఆమె ఉద్యోగం. బూటు వెతుక్కుని తొడుక్కుని, కొక్కేనికి ఉన్న కోటు తీసి వేసుకుంది. పోయిన చలికాలం అత్తగారు స్వయంగా కుట్టిచ్చిన కోటు అది.

అత్తగారు తృప్తిగా చూసుకుంది. ముదురు నీలం. వీపు, మెడ, రెండు చేతులు, అంతా ఒకే రంగు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ కోడలి కోటు వంక చూస్తారు. కుట్టు అలాంటిది మరి. ఒక్క కోడలికే దాని విలువ తెలిసినట్టు లేదు. కోటు ఇచ్చిన రోజున "బాగుంది అత్తయ్యా" అందే గానీ, కళ్ళు మాత్రం వేరే వైపు ఉన్నాయి. అప్పట్నుంచీ కాస్త ముభావంగా ఉంటోంది. ఎందుకో అత్తగారికి అంతుబట్టలేదు. అడిగితే చులకనైపోతానని అడగలేదు.

ఆ సాయంత్రం కోడలు కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళదాకా కట్టుతో ఇల్లు చేరింది.

"కొత్తగా చేరిన పెద్దమనిషి బ్రేకు అనుకుని ఇంకోటి నొక్కాడు" అని చెప్పింది నీరసంగా. "కారు వెళ్ళి గోడని నొక్కింది. స్టీరింగు తిప్పబోయిన నా చెయ్యి మధ్యలో నలిగింది. మూడు వారాలు వేళ్ళు కదపకూడదట."

కొడుకు కంగారుపడి కుర్చీ లాక్కొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను, నెమ్మదస్తుడు. "నొప్పిగా ఉందా?" అన్నాడు.

"నొప్పి సంగతి సరే. మరి ఆట సంగతేంటి?" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ ఆట ఏంటో ఇక్కడ చెప్పాలి. కోడలు రోజూ సాయంత్రం టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్ అది. అందులో ఆమె కత్తి పట్టుకున్న వీరనారి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ముగ్గురు స్నేహితురాళ్ళు ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని, చెవులకి మైకులు తగిలించుకుని, ఆమెతో కలిసి రాక్షసులతో పోట్లాడతారు. ఒకామె నర్సు, ఒకామె బేకరీ నడుపుతుంది, ఒకామె లెక్కల టీచరు. ఈ నలుగురికీ ఒకేసారి సెలవు దొరకడం గ్రహణం లాంటిది. ఆ గ్రహణం వచ్చే నెల మొదటి ఆదివారం ఉంది. ఆ రోజు కోట పైఅంతస్తులో ఉన్న ఆఖరి రాక్షసుణ్ణి చంపాలని ఏడాదిగా అనుకుంటున్నారు.

దానికి నీలికత్తి కావాలి. నీలికత్తి ఎవరూ ఊరికే ఇవ్వరు. అడవులూ గుట్టలూ తిరిగి నీలిరాళ్ళు, తోలు, వెండిదారం ఏరుకుని తేవాలి. కూలికి బంగారు నాణేలు కూడబెట్టాలి. అప్పుడు ఆటలో ఉన్న కమ్మరి చేసిపెడతాడు. ఇంకా సరంజామా సగం కూడా పోగవలేదు. చెయ్యి చూస్తే ఇలా అయింది.

"నేను ఏరిపెడతానులే" అన్నాడు కొడుకు ప్రేమగా.

అతను రిమోట్ పట్టుకున్న కాసేపటికే వీరనారి గోడకి తల ఆనించి నడవడం మొదలుపెట్టింది. తర్వాత వంతెన మీద నుంచి నదిలో పడింది. ఒడ్డుకి చేర్చి ఇస్తే మళ్ళీ అదే వంతెన మీద నుంచి పడింది.

"నీకు లిఫ్టులే నయం. పైకీ కిందకీ తప్ప ఎటూ పోనక్కర్లేదు" అంది కోడలు.

మిషను ముందు కూర్చుని ఇదంతా ఓరకంట చూస్తున్న అత్తగారు ఇక ఉండబట్టలేకపోయింది. "దారి పొడుగునా అన్ని వస్తువులు పడున్నాయి, ఒక్కటీ తీసుకోకుండా పోతావేంట్రా? ఇటివ్వు. ఏరుకోవడమేగా."

చెప్పొద్దూ, కోడలు ఇంట్లో లేని పగళ్ళలో కూడా కూర్చుని, ఆవిడ ఆ పనికే పుట్టినట్టు ఏరింది. చెట్టు కనబడితే బెరడు, గుట్ట కనబడితే రాయి, చచ్చిన తోడేలు కనబడితే తోలు. పెట్టె మూత తెరిచి చూడకుండా గది దాటేది కాదు. అక్షరాలేవో తెర కింద చీమల బారులా పోతుంటాయి గానీ వాటిని ఆవిడ చదవలేదు, చదవగలిగే స్థితిలోనూ లేదు. మెరిసేది కనబడిందా, దగ్గరికెళ్ళి తీసుకుందా, అంతే. పాత కవచాలు, చిరిగిన అంగీలు కుట్లు ఊడదీస్తే దారమూ తోలూ విడిగా వస్తాయని తెలిశాక ఇక పట్టపగ్గాలు లేవు.

"అత్తయ్యా, నా గుర్రానికి జీను ఏదీ?" అంది కోడలు ఓ సాయంత్రం అనుమానంగా.

"విప్పేశాను. మంచి తోలు వచ్చింది."

"మరి నేను దేనిమీద కూర్చోవాలి?"

"ఇంతసేపూ నడిచే కదా వచ్చాం."

బంగారం దగ్గర ఆవిడ పిడికిలి ఇంకా బిగువు. కవచం చిరిగి వేలాడుతున్నా కమ్మరికి బాగుచేయమని ఇవ్వదు. "ఎక్కడో కాస్త పోయింది, అంతేగా" అంటుంది. పూటకూళ్ళింట్లో పడుకుంటే వీరనారికి బలం వస్తుందని కోడలు చెబితే, చెట్టు కింద ఎంచక్కా గాలి వస్తుంటే డబ్బిచ్చి పడుకోవడం ఏంటని కొట్టిపారేసింది. దెబ్బలు మాన్పే ఎర్ర మందు సీసాలు ఎక్కడ దొరికినా సంచిలో వేసుకునేది. ఒక్కటి తాగించేది కాదు. సంచిలో ఏముందో కోడల్ని కూడా తెరిచి చూడనిచ్చేది కాదు.

"నా సంచి నాకు తెలుసు. కెలికావంటే సర్దినవన్నీ కలిసిపోతాయి" అనేది. "నీలిరాళ్ళు కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఈ గొడవలో ఒక మంచి జరిగింది. కోడలు రోజూ సాయంత్రం స్కూల్లో కొత్తవాళ్ళకి రోడ్డు గుర్తుల పాఠం చెప్పి రాగానే అత్తగారి పక్కన చేరేది. "ఎడమకి, ఎడమకి తిప్పండి. అద్దంలో వెనక చూసుకోండి. కాదు కాదు, దూకండి" అంటూ అలవాటు కొద్దీ కారు నేర్పినట్టే నేర్పేది. ఇద్దరూ కలిసి నవ్వేవారు. ఏడాదిగా ఉన్న ముభావం కాస్త కరిగినట్టు అనిపించి అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. ఈ చెయ్యి ఇంకొన్నాళ్ళు మానకపోయినా బాగుండునని ఓసారి అనుకుని, ఛీ ఇదేం పాడు బుద్ధి అని తనని తానే తిట్టుకుంది.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. కట్టు ఇంకా విప్పలేదు. అత్తగారే రంగంలోకి దిగాల్సొచ్చింది.

ముగ్గురు స్నేహితురాళ్ళూ పొద్దున్నే హాజరయ్యారు. మాటలన్నీ టీవీలోంచి వినిపిస్తున్నాయి. "అత్తయ్యగారూ, నమస్కారం. మీ గురించి రోజూ వింటున్నాం" అంది బేకరీ ఆమె. అత్తగారు మర్యాదగా టీవీకి నమస్కారం పెట్టింది.   పక్కన కోడలు ఆ నీలం కోటు భుజాన కప్పుకుని, మోకాలు ఊపుతూ కూర్చుంది.

ముందు కమ్మరి దగ్గరికి వెళ్ళారు. అత్తగారు కొంగున కట్టిన మూట విప్పినంత గర్వంగా సంచి తెరిచింది. కమ్మరి తల అడ్డంగా ఊపాడు.

"నీలిరాళ్ళు చాలవంటున్నాడు" అంది కోడలు అయోమయంగా. ముందుకు వంగి చూసింది. "అత్తయ్యా, ఇందులో ముప్పాతిక వంతు ఊదారాళ్ళు. వీటితో కత్తి రాదు. ఇవెందుకు ఏరారు?"

"ఊదావి ఎక్కడున్నాయి? అన్నీ నీలివే. ఆ కమ్మరికి కళ్ళు కనబడవేమో" అంది అత్తగారు. అన్నదే గానీ, సంచి గబగబా మూసేసింది.

"పోనీలెండి, పాత కత్తితోనే వెళదాం. మందులు బాగా ఉన్నాయన్నారుగా, నెట్టుకొద్దాం" అంది లెక్కల టీచరు.

కోట పైఅంతస్తుకి ఎక్కారు. రాక్షసుడు గది నిండా ఉన్నాడు. మొదటి దెబ్బకే వీరనారి ఎగిరి స్తంభం దగ్గర పడింది.

"అత్తయ్యా, ఎర్ర సీసా. పై బొత్తం నొక్కండి."

"ఇంకా ప్రాణం ఉందిగా."

"సగమే ఉంది."

"సగం ఉందనేగా నేనూ అంటున్నది. సగం ఉండగా మందెందుకు?"

ఇంకో దెబ్బ తగిలింది. "తాగేయాలి అత్తయ్యగారూ, ఒక్క గుక్క, అయిపోయింది" అంది నర్సు, మొండి రోగుల చేత మందు తాగించే గొంతుతో. ఆ మాట అంటుండగానే ఆమె మీద రాక్షసుడి పాదం పడింది. "నా సీసాలు అయిపోయాయి. మీరు ఒకటి ఇటు విసరండి, బతుకుతాను."

"ఇస్తానమ్మా, ఇస్తాను. కాస్త ఓపిక పట్టు" అంటూ అత్తగారు సంచిలో చెయ్యి పెట్టింది. సీసా తీయబోయింది, మళ్ళీ లోపల పెట్టింది. ఓపిక పట్టలేక నర్సు చచ్చిపోయింది. ఆ వెంటనే బేకరీ ఆమె, ఆమె వెనకే టీచరు.

"దేనికోసం దాస్తున్నారు అత్తయ్యా?" అంది కోడలు.

"వీడి తర్వాత ఇంకా పెద్దవాడు వస్తాడేమో. అప్పుడు కావాలి కదా."

"వీడికన్నా పెద్దవాడు లేడు. వీడే ఆఖరివాడు. వీడి తర్వాత ఆటే లేదు."

అత్తగారి బొటనవేలు పై బొత్తం మీదికి వెళ్ళింది. నొక్కాలనే అనుకుంది. ఒట్టు, నొక్కాలనే అనుకుంది. కానీ వేలు అక్కడే బిగుసుకుపోయింది. ఏళ్ళనాటి అలవాటు ఆ వేలిని వెనక్కి లాగి పట్టుకుంది. రాక్షసుడు తాపీగా వచ్చి తొక్కాడు. తెర మీద వీరనారి బోర్లా పడి ఉంది, వీపు మీద ఉబ్బిన సంచితో సహా.



"అత్తయ్యగారి సంచిలో మొత్తం ఎన్ని సీసాలున్నాయి?" అంది లెక్కల టీచరు.

కోడలు చూసింది. "రెండొందల పైచిలుకు."

"ఈ లెక్క నా వల్ల కాదు" అని టీచరు సెలవు తీసుకుంది. మిగిలిన ఇద్దరూ మళ్ళీ కలుద్దామని చెప్పి వెళ్ళిపోయారు. గదిలో అత్తాకోడళ్ళు మిగిలారు.

కోడలికి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపులో పడింది. "సంచి నిండా మందు పెట్టుకుని చచ్చిపోయారు."

"ఆటే కదమ్మా."

"ఆటే. నేనూ ఆటేనని సరిపెట్టుకుందును. కానీ మీరు ఇంట్లోనూ ఇంతే. మంచిదేదైనా బీరువాలోకి పోవాల్సిందే, మనుషులకి మిగిలిన ముక్కలే." ఇక ఆమె ఆగలేదు. భుజాన ఉన్న కోటు తీసి ఇద్దరి మధ్యా పరిచింది. "ఇది చూడండి. బీరువాలో తానుకి తాను పెట్టుకుని, నాకేమో ఒక చెయ్యి నీలం గుడ్డతో, ఒక చెయ్యి ఊదా గుడ్డతో అతికించి ఇచ్చారు. స్కూల్లో నా పేరు ఇండికేటరు. కుడిచెయ్యి ఎత్తితే ఒక రంగు, ఎడమచెయ్యి ఎత్తితే ఒక రంగని. అయినా ఏడాదిగా నోరెత్తకుండా వేసుకుంటున్నాను. కోడలికి ఇది చాల్లే అనుకున్నారు కాబోలు అని సర్దుకున్నాను."

అత్తగారికి కోపం నషాళానికి అంటింది. "ఎవరా మాటన్నది? రెండు చేతులూ ఒకటే రంగు. నలభై ఏళ్ళు బట్టతో బతికినదాన్ని, నాకు రంగులు చెబుతావా?"

అప్పుడే కొడుకు మూడు కప్పుల టీతో వంటగదిలోంచి వచ్చాడు. రావడం పొరపాటైందని గ్రహించి వెనక్కి తిరగబోయాడు.

"ఒరేయ్, ఆగు. దీని చేతులు రెండూ ఒకే రంగా కాదా, నువ్వు చెప్పు."

అతను తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు, టీ కప్పుల వంక చూశాడు. "రెండు రంగులే అమ్మా."

"మరి ఏడాదిగా చెప్పలేదేం?"

"కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను."

అత్తగారు కోటు లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఒక చెయ్యి కంటికి ఆనించుకుని చూసింది. రెండో చెయ్యి ఆనించుకుని చూసింది. మళ్ళీ మొదటిది. ఎటు తిప్పినా రెండూ ఒకే బురద నీలంగా ఉన్నాయి. ఆవిడ వేళ్ళు బట్టని తడిమాయి. నేత ఒకటే, మందం ఒకటే. రంగు మాత్రం వేళ్ళకి తెలియదు కదా. 

కోడలి కోపం ఎటు పోయిందో పోయింది. దారం ఎక్కని సూదులు, చదవని అక్షరాలు, సంచి నిండా ఊదారాళ్ళు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందుకొచ్చాయి. మెల్లగా వెళ్ళి పక్కన నిలబడింది.

"అత్తయ్యా, ఆ రాళ్ళు కూడా మీకు ఒకే రంగులో కనబడ్డాయా?"

అత్తగారు కోటు ముడుచుకుని గుండెకి హత్తుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"డాక్టరు ఏడాది కిందట చెప్పాడు" అంది ఆవిడ, దొంగతనంలో దొరికిపోయిన పిల్లలా. "ఆపరేషన్ చేయించుకోమన్నాడు. చేయిద్దామనే అనుకున్నా."

"డబ్బు చాలదని ఆగావా?" అన్నాడు కొడుకు, టీ ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడి. "నన్ను అడగకూడదా అమ్మా?"

"డబ్బుందిరా. డబ్బాలో ఉంది."

"ఉంటే మరి?"

"అది అవసరానికి."

కోడలు నోరు వెళ్ళబెట్టింది. "కళ్ళు పోవడం అవసరం కాదా?"

అత్తగారు మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. పాదాల వంక చూస్తూ అంది. "మీ మామయ్య మంచం పట్టినప్పుడు నా దగ్గర ఏమీ లేదమ్మా. అప్పుడు దాచే అలవాటే లేదు నాకు. వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టి నవ్వుకుంటూ బతికాం. అవసరం వచ్చిన రోజున ఇంటింటికీ తిరిగి చేతులు చాపాను. డబ్బు అందేసరికి ఆయన లేడు. అప్పట్నుంచీ ఏది చేతికొచ్చినా, రేపటికి ఉంచాలి అనిపిస్తుంది. తీయబోతే చెయ్యి రాదు. ఇందాక కూడా రాలేదు, చూశావుగా. ఆ పిల్ల సీసా అడుగుతూ అడుగుతూ పోయింది."

ఆటలో పోయిన నర్సు కోసం అత్తగారు నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు నర్సు ఒక్కదాని కోసమే కాదని ముగ్గురికీ తెలుసు.

కోడలు కింద కూర్చుని ఎడమచేత్తో ఆవిడ మోకాలు పట్టుకుంది. "ఆ అవసరం వచ్చి ఏడాదిగా మన గుమ్మంలోనే ఉంది అత్తయ్యా. మీరే ఇంకెవరి కోసమో ఎదురుచూస్తున్నారు." తల దించుకుని, "నేనేమో నన్ను తక్కువ చూశారని మనసులో పెట్టుకున్నాను" అంది.

"నీకు చేతికందిన ముక్కలు అతికించి ఇస్తానటే? రెండు చేతులకీ రంగు కలవాలని ఒక పూటంతా మూటలన్నీ వెతికి, ఎంచి ఎంచి తీశాను."

అది విని కోడలు ఆ మోకాలి మీదే తల పెట్టుకుని ఏడ్చింది. కొడుకు కూడా ఏడుద్దామనుకున్నాడు గానీ చేతిలో మూడు కప్పులున్నాయి.

మర్నాడే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డబ్బా తీసిచ్చేటప్పుడు అత్తగారు దాన్ని ఇంకోసారి తడిమి చూసుకుంది. డాక్టరు గదిలోనూ బేరం పెట్టకుండా ఉండలేకపోయింది. "ముందు ఒక కన్ను చెయ్యండి బాబూ. అది బాగుందనిపిస్తే అప్పుడు రెండోది చూద్దాం."

"మేం ఎప్పుడూ అలాగే చేస్తామండి" అన్నాడు డాక్టరు. బేరం నెగ్గినందుకు ఆవిడ ఎంతో సంతోషపడింది.

రెండో కంటి కట్టు కూడా విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజున అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈ గోడలు ఇంత మురికిగా ఉన్నాయేంట్రా? ఎవరూ చెప్పరే. నీ తల ఎప్పుడు నెరిసింది? అమ్మాయ్, నీ గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా?" ఇలా ఇల్లంతా కొత్తగా తిరిగి, అందరికీ వంకలు పెట్టి, కొక్కేనికి వేలాడుతున్న కోటు దగ్గరికి వచ్చి దాని రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది.

ఒక చెయ్యి ముదురు నీలం. రెండో చెయ్యి వంకాయ ఊదా. గుడ్డివాడు కూడా తేడా చెప్పగలడు.

"ఇది వేసుకుని ఏడాది తిరిగావా నువ్వు?"

"తిరిగాను."

"ఒక్క మాట కూడా అనకుండా?"

"బయటికి అనలేదు. లోపల బోలెడన్ని అనుకున్నాను" అంది కోడలు నిజాయితీగా.

అత్తగారు కత్తెర తీసుకుని చెయ్యి కుట్లు విప్పబోయింది. కోడలు కోటు లాక్కుని వెనక దాచేసింది. "దీని జోలికి రావద్దు. ఇది నా ఇండికేటరు కోటు. ఇలాగే ఉంటుంది." ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

మళ్ళీ నలుగురికీ సెలవు కుదిరేసరికి చాలా వారాలు పట్టింది. ఈలోగా అత్తగారు నీలిరాళ్ళు నీలివిగా, ఊదావి ఊదావిగా ఏరింది. కోడలి చెయ్యి బాగైపోయింది గానీ, ఆ ఆదివారం రిమోట్ మాత్రం ఆవిడకే ఇచ్చింది. కమ్మరికి బంగారం ఇచ్చేటప్పుడు అత్తగారు పెద్ద నిట్టూర్పు విడిచినా, చివరి నాణెం దాకా ఇచ్చేసింది. రాక్షసుడి గదిలోకి అడుగుపెట్టగానే ఒక గబ్బిలం రెక్క తగిలింది. ఆవిడ వెంటనే ఎర్ర సీసా ఎత్తి తాగేసింది.

"అత్తయ్యా, అది దెబ్బ కూడా కాదు."

"నువ్వుండు. తాగే వయసులో తాగాలి." అడిగినా అడగకపోయినా ముగ్గురు అమ్మాయిల మీదికీ సీసాలు విసురుతూనే ఉంది. "చాలండి, కడుపు పగిలేలా ఉంది" అని నర్సు మొరపెట్టుకునేదాకా ఊరుకోలేదు. రాక్షసుడు పడిపోయాడు. టీవీలో ముగ్గురూ, గదిలో ఇద్దరూ ఒక్కసారి అరిచిన అరుపుకి కొడుకు స్నానాలగదిలోంచి సబ్బుతో బయటికొచ్చాడు.

ఆ కోలాహలం సద్దుమణిగాక అత్తగారు లేచి బీరువా తెరిచింది. అడుగునుంచి ఉన్ని బట్ట తాను తీసి, బల్ల మీద దుమ్ము దులిపి పరిచింది. చక్కటి ఆకుపచ్చ. అది పాతబడి గోధుమరంగుకి తిరిగిందనుకుంటూ ఉంది ఆవిడ. సుద్దముక్కతో గీత గీసింది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. కత్తెర చేతిలోకి తీసుకుంది. గీత దగ్గర పెట్టింది. చెయ్యి ఆగింది.

కోడలు తలుపుకి ఆనుకుని చూస్తోంది. "ఆలోచించుకోండి అత్తయ్యా" అంది నవ్వు ఆపుకుంటూ. "ఇంకా మంచి సందర్భం వస్తుందేమో."

అత్తగారు తలెత్తి కోడలి మొహం వంక చూసింది. పుట్టుమచ్చ, కంటి కొసన తడి, ముక్కు మీద చిన్న గీత, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి.

"వీడే ఆఖరివాడన్నావుగా" అని, బట్టలోకి కత్తెర దింపింది. "ఇలా వచ్చి చేతులు చాపు. రెండూ."